డబ్బా మీద కోడలి పేరు

పోయిన వారం చలవమ్మను మనం ఎక్కడ వదిలేశామో గుర్తుంది కదా? తెల్లారీ తెల్లారకముందే పెరట్లో, నీళ్ళతొట్టి వెనక, చేతిలో రెండు ప్లాస్టిక్ డబ్బాలతో నిలబడి ఉంది. ఒకదాంట్లో కోడలు దగ్గి ఉమ్మిన కఫం. రెండోది ఖాళీ. మూత సరిగా పట్టకపోతే అక్కరకొస్తుందని ధర్మాసుపత్రి బండిలో వచ్చే అమ్మాయి ఒకటి ఎక్కువే ఇచ్చి వెళ్ళింది. కోడలి పేరు రాసిన చీటీని మొదటి డబ్బా మీంచి ఊడబెరికి, ఖాళీ డబ్బాకి అంటించి, గట్టిగా దగ్గి తన కఫమే అందులో ఉమ్మింది ఆ మహాతల్లి. కోడలి డబ్బాను అరటిచెట్టు పక్కన గొయ్యి తీసి పూడ్చేసింది.

ఎందుకింత పని చేసిందంటారా? ఊళ్ళో ఏ బిడ్డ పుట్టినా ముందు పట్టుకునే చేతులు ఆవిడవి. ముప్పై ఏళ్ళుగా పురుళ్ళు పోస్తోంది. పసివాళ్ళకి నూనె రాసి, చాపిన కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తోంది. ఆవిడ చెయ్యి తగిలితే ఎంత గుక్కపట్టిన బిడ్డయినా ఊరుకుంటుందని, ఆ చేతి చలవే వేరని చెప్పుకుని చెప్పుకుని, అసలు పేరు మరిచిపోయి చలవమ్మను చేశారు జనం. అలాంటి మనిషి ఇంట్లో క్షయ ఉందని తెలిస్తే ఇంకే తల్లి తన బిడ్డను ఆ కాళ్ళ మీద పెడుతుంది?

కోడలు మూడు వారాలుగా ఖంగుఖంగున దగ్గుతోంది. ఏం రోగమైనా కానీ, ఊళ్ళో బయటపడకూడదు. తరవాత చాటుగా పట్నం తీసుకెళ్ళి చూపించవచ్చు. ఇక తనంటారా, తను రాయిలాంటి మనిషి. తన కఫంలో ఏముంటుంది మట్టి! పొయ్యి పొగకి వచ్చే దగ్గు తప్ప తనకే రోగమూ లేదు. ఆ పొగదగ్గు ఏడాదిగా ఉందన్న సంగతి మాత్రం ఆవిడ ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

ఇవాళ మళ్ళీ బుధవారం. బడిగోడ నీడలో తెల్లబండి ఆగిన చప్పుడు వినపడింది. చలవమ్మ నిశ్చింతగా ముందుగదిలో కూర్చుని, కొత్తగా పుట్టబోయే బిడ్డల కోసం పాతచీరల మెత్తని గుడ్డలు మడతపెడుతోంది. కోడలు పిండిమిల్లు పనికి వెళ్ళేముందు ఐదు నెలల కొడుక్కి పాలు పడుతోంది. వాణ్ణి అందరూ బుడ్డోడనే పిలుస్తారు. చలవమ్మ కొడుకు లారీ మీద వెళ్ళి అప్పటికి నాలుగు రోజులైంది.

డబ్బాలమ్మాయి గుమ్మంలోకి వచ్చింది. ఇంటింటికీ తిరిగి కఫం డబ్బాలు పంచుతుందని ఆ అమ్మాయికి ఊరు పెట్టిన పేరు అది. ఎవరేమన్నా నవ్వేసి వెళ్ళిపోయే పిల్ల. ఇవాళ నవ్వలేదు.

"పెద్దమ్మా, తలుపు కాస్త దగ్గరగా వేస్తారా?"

"తలుపులు వేసుకుని చెప్పే ముచ్చటేమిటే పిల్లా? ఎవరికైనా సంబంధం తెచ్చావా?" అంటూనే లేచి తలుపు మూసింది చలవమ్మ. పరీక్షలో ఏమీ లేదని చెప్పడానికి కూడా వీళ్ళకి ఇంత ఆర్భాటం కావాలి కాబోలు అనుకుంది.

డబ్బాలమ్మాయి కోడలి ఎదురుగా పీట మీద కూర్చుంది. ఆ అమ్మాయికి ఎలా చెప్పాలో నేర్పినట్టున్నారు. చుట్టూ తిప్పలేదు.

"అక్కా, మీ కఫంలో క్షయ క్రిములు కనపడ్డాయి. ఏవో ఒకటీ అరా కాదు, బాగానే ఉన్నాయి. భయపడకండి, దీనికి మందుంది. మా బండిలోనే ఉచితంగా ఇస్తాం. పూర్తిగా తగ్గిపోతుంది."

చలవమ్మ చేతిలో గుడ్డ సగం మడతలోనే ఆగిపోయింది.

"నీ మిషను పాడైపోయి ఉంటుంది," అంది గభాల్న.

"రెండుసార్లు చూశారు పెద్దమ్మా."

"రెండుసార్లూ తప్పే చూశారేమో! ఎవరి డబ్బా ఎవరిదనుకున్నారో ఏమో!"

"డబ్బా మీద అక్క పేరుంది. నేనే రాశాను కదా."

ఆ డబ్బాలో ఉన్నది ఎవరిదో ఆ గదిలో తెలిసిన మనిషి ఒక్కతే. రవికలు వదులైపోతుంటే వయసు మీద పడుతోంది అనుకుంది. పొద్దున్నే లేచేసరికి దిండు చెమటతో తడిసిపోయి ఉంటే ఉక్కపోత అనుకుంది. అన్నం సయించకపోతే నోరు చేదంది. అన్నీ ఇప్పుడు ఒక్కొక్కటిగా వచ్చి ఎదురుగా కూర్చున్నాయి. అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు. తేలు కుట్టిన దొంగ అంటే ఎలా ఉంటాడో చూడాలనుకుంటే ఆ క్షణంలో చలవమ్మను చూస్తే సరిపోయేది.

కోడలు ఏడవలేదు. ఒక్కటే అడిగింది. "మరి వీడికి?"

"బుడ్డోణ్ణి ఇవాళే డాక్టరుగారికి చూపిద్దాం. అంటకుండా ముందుజాగ్రత్త మందు కూడా ఉంది. మీకు ఛాతీ ఎక్స్‌రే తీసి మాత్రలు మొదలుపెడతారు. ఆరు నెలలు, రోజూ వేసుకోవాలి, ఒక్కరోజు కూడా మానకూడదు. మొదలుపెట్టిన రెండు మూడు వారాలకే ఎదుటివాళ్ళకి అంటడం బాగా తగ్గిపోతుంది."

"పాలివ్వచ్చా?"

"నిక్షేపంగా ఇవ్వచ్చు. మూతికి మాస్కు కట్టుకుని ఇవ్వండి. మిగతా సమయంలో ఇంకెవరైనా చూసుకుంటే మంచిది."

ఆ మాట పూర్తికాకముందే కోడలు లేచింది. పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల పక్కకి తిప్పుకుని, బిడ్డను తెచ్చి చలవమ్మ ఒళ్ళో పెట్టింది. పెట్టిన చేతులు వెంటనే తీసేసుకుని, కాలినట్టు అవతలి గోడదాకా వెళ్ళి నిలబడింది.

"అత్తయ్యా, వీణ్ణి మీరే ఉంచుకోండి. పాలకి మాత్రం ఇవ్వండి. రాత్రి కూడా మీ పక్కలోనే పడుకోబెట్టుకోండి. మీ దగ్గరుంటే నాకు బెంగ లేదు."

"అవును, అదే మంచిది," అంది డబ్బాలమ్మాయి, సంచిలో కాగితాలు వెతుక్కుంటూ. "నానమ్మ దగ్గరుంటే వాడికి ఏ భయమూ లేదు."

బుడ్డోడు చలవమ్మ మొహంలోకి చూసి బోసినవ్వు నవ్వాడు. చెయ్యెత్తి గడ్డం పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఆవిడ గొంతులో దగ్గు కదిలింది.

పెదాలు బిగించింది. మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దగ్గు గొంతులోంచి పైకి తన్నుకొస్తోంది. వాడి మొహం జానెడు దూరంలో ఉంది. వాడు ఇదేదో కొత్త ఆటనుకుని మరింత నవ్వుతున్నాడు. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే ఆ దగ్గును ఆపలేనని తెలిసి, బిడ్డను గబుక్కున చాప మీద పడుకోబెట్టి, మడతపెట్టిన గుడ్డలన్నీ తన్నుకుంటూ పెరట్లోకి పరుగెత్తింది చలవమ్మ. గోడ పట్టుకుని వంగిపోయి, పేగులు తెగిపోతాయేమో అన్నట్టు దగ్గింది. లోపల బుడ్డోడు ఏడుపు అందుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి ఇద్దరూ ఆవిడవైపే చూస్తున్నారు. కోడలు బిడ్డ దగ్గరికి వెళ్ళలేక, ఉండలేక, గోడకి అతుక్కుపోయి ఉంది.

"ఎత్తుకోవే," అంది చలవమ్మ, గుమ్మం దాటి లోపలికి రాకుండా. "నీ బిడ్డను నువ్వు ఎత్తుకో. నీకు వచ్చిందని చెప్పిన రోగం నీది కాదు."

"అత్తయ్యా?"

"ఆ డబ్బాలోది నాది. నీ డబ్బా పూడ్చేశాను. నీ పేరు చీటీ తీసి నా డబ్బాకి అంటించాను. ఇంకేం అడక్కండి నన్ను."

కోడలు ఒక్క అంగలో వెళ్ళి బిడ్డను గుండెకి హత్తుకుంది. డబ్బాలమ్మాయి సంచి మూతి పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"అంటే నాకు రోగముందని మీకు అనుమానం వచ్చింది," అంది కోడలు మెల్లగా. "వచ్చినా దాచేశారు."

"చాటుగా పట్నంలో చూపిద్దామనుకున్నానే."

"ఎప్పుడు? నేను మంచం పట్టాకనా?"

"ఊళ్ళో నలుగురికీ తెలిస్తే మన బతుకేమవుతుందో నీకు తెలీదు."

"నాకన్నీ తెలుసు అత్తయ్యా. నా దగ్గు మీకు మూడు వారాలుగా వినపడుతోంది. మీ దగ్గు నాకు ఏడాదిగా వినపడుతోంది. ఒకసారి చూపించుకోండి అన్నందుకు ఏమన్నారు? 'నిన్నగాక మొన్న వచ్చావు, నాకు చెప్పేంతదానివయ్యావా' అన్నారు. నోరు మూసుకున్నాను." కోడలు బిడ్డను భుజం మీదికి మార్చుకుంది. "వీడు కడుపులో అడ్డం తిరిగినప్పుడు రెండు రోజులు నా చెయ్యి వదల్లేదు మీరు. మా అమ్మ ఉన్నా అంత చేసేది కాదని ఊరంతా చెప్పుకున్నాను. ఆ చేత్తోనే నా డబ్బా గోతిలో పెట్టారా?"

చలవమ్మకి ఎవరికీ తలవంచి అలవాటు లేదు. తప్పు చేశానని అనిపించడం వేరు, ఎదుటి మనిషి కళ్ళల్లో అది చూడడం వేరు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది ఆవిడకి.

"కొట్లాట తరవాత పెట్టుకోండి," అంటూ డబ్బాలమ్మాయి లేచింది. ఆ అమ్మాయికీ కోపం వచ్చింది, మొహం ఎర్రబడింది. "నేను డబ్బా ఇస్తూ ఏం చెప్పాను పెద్దమ్మా? ఎవరిది వాళ్ళే ఉమ్మాలని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఇవాళ మీరు నోరు విప్పకపోతే, రోగముందో లేదో తెలియని మనిషికి ఆరు నెలలు మందులు మింగించేవాళ్ళం. రోగమున్న మనిషి ఒళ్ళో పసివాణ్ణి పెట్టేవాళ్ళం. పెట్టేశాం కూడా!"

అంతలోనే తన కోపాన్ని తనే దిగమింగుకుని, సంచిలోంచి రెండు మాస్కులు తీసింది. ఒకటి చలవమ్మకి, ఒకటి కోడలికి ఇచ్చింది. తరవాత రెండు కొత్త డబ్బాలు తీసి, రెండిటి మీదా పేర్లు రాసి, ఒకళ్ళ తరవాత ఒకళ్ళని పెరట్లోకి తీసుకెళ్ళి, పక్కనే నిలబడి కఫం ఉమ్మించింది. ఈసారి మూతలు కూడా తనే బిగించింది. కోడలి దగ్గు పిండి దుమ్ము వల్లనా, మరో కారణం వల్లనా అన్నది ఎక్స్‌రే, ఈ కొత్త పరీక్ష తేల్చాలని, అప్పటిదాకా మాస్కు తీయవద్దని చెప్పింది.

ఇంతటితో అయిపోతే బాగుండుననుకుంది చలవమ్మ. అసలు కథ అప్పుడు మొదలైంది.

డబ్బాలమ్మాయి నల్ల అట్ట పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుంది. "ఇప్పుడు చెప్పండి. ఈ మూణ్ణాలుగు నెలల్లో మీరు ఎత్తుకున్న పసిపిల్లలు ఎవరెవరు?"

"ఎందుకు?"

"ఎందుకో మీకు తెలుసు పెద్దమ్మా."

తెలుసు. ఆ ప్రశ్న వస్తుందని పెరట్లో గోడ పట్టుకుని దగ్గుతున్నప్పుడే తెలుసు. మెట్టు మీద కూలబడి, వేళ్ళు మడుస్తూ చెప్పింది. వడ్రంగి మనవరాలు. పాలాయన కవలలు. కండక్టరు కూతురు. మిల్లు యజమాని మనవడు. కటకటాల పెంకుటింట్లో ఉండే టీచరమ్మ కొడుకు. ఇంకో నలుగురు. ఒక్కొక్క బిడ్డ పేరుకీ వాడి బరువు, వాడి ఏడుపు, ఎవరికి నీళ్ళంటే భయం, ఎవరు నూనె రాస్తుంటే నిద్రపోతారు, అన్నీ కళ్ళకి కట్టినట్టు వచ్చాయి. అందరి మొహాల మీదా వంగి పాటలు పాడింది తను. నోటితో ఉఫ్ అని ఊది, కళ్ళల్లోకి నీళ్ళు పోకుండా చూసింది.

పది వేళ్ళూ అయిపోయి, పదకొండో పేరు దగ్గర ఆగిపోయింది.

"ఇంకా ఉన్నారా?"

"టైలరు కొడుకు," అంది. "ఏడు వారాలవాడు. నెల తక్కువ బిడ్డ. రోజూ నేనే పోస్తాను నీళ్ళు."

డబ్బాలమ్మాయి రాయడం ఆపి తలెత్తింది. మళ్ళీ తల దించుకుని రాసింది.

"నా పేరు చెప్తావా వాళ్ళకి?" చలవమ్మ గొంతు మారిపోయింది. ఊరందరికీ ఆజ్ఞలు వేసే గొంతు కాదది.

"చెప్పను. ఎవరికి ఏ రోగమో మూడో మనిషికి చెప్పకూడదు, అది మా నియమం. ప్రాణం పోయినా మీ పేరు నా నోటినుంచి రాదు."

చలవమ్మ గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "అలా అయితే ఫర్వాలేదు. వెళ్ళి పరీక్షలు చేసుకో."

"చెయ్యనిస్తారా?" అంది డబ్బాలమ్మాయి. "నేను వెళ్ళి మీ బిడ్డకి పరీక్ష చెయ్యాలంటే, దేనికి అంటారు. దేనికో చెప్పకపోతే తలుపేస్తారు. పోయిన నెల ఊరికే బరువు చూస్తాం తీసుకురండమ్మా అంటేనే ఈ పది ఇళ్ళల్లో ఆరిళ్ళవాళ్ళు రాలేదు. బండిలోవాళ్ళు పిల్లల్ని సూదులతో గుచ్చి గుచ్చి ఏడిపిస్తారని, ఒళ్ళు చల్లబడుతుందని ఎవరో చెప్పారట వాళ్ళకి."

ఎవరో కాదు, చలవమ్మే చెప్పింది. ఆ సంగతి డబ్బాలమ్మాయికీ తెలుసు, అయినా ఎవరో అంది. ఆ మర్యాదే చలవమ్మను ఎక్కువ పొడిచింది.

"నన్నేం చెయ్యమంటావు?"

"నేనేం చెయ్యమనను. పెద్దవాళ్ళు మీరు. నా మాట వాళ్ళు వినరు. మీ మాట వింటారు, అంతే."

చలవమ్మ కోడలివైపు చూసింది. ఒక్క మాట సాయం వస్తుందేమోనని ఆశపడింది. "పోనీలెండి అత్తయ్యా" అనో, "మీరెందుకు వెళ్ళడం" అనో అంటుందేమోనని చూసింది. కోడలు బిడ్డ వీపు నిమురుతూ ఆవిడకేసి చూస్తూ నిలబడింది.

వెళ్తే ముప్పై ఏళ్ళ పేరు ఒక్క పూటలో బూడిదైపోతుంది. ఈ ఊళ్ళో ఇంకెవరూ తనను పురిటికి పిలవరు. వెళ్ళకపోతే? వెళ్ళకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. మాత్రలు చాటుగా మింగవచ్చు. ఆరు నెలల్లో తగ్గిపోతుంది. ఈలోపు ఆ పదకొండు మంది... అక్కడికి వచ్చి ఆలోచన ముందుకి కదలనంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కాసేపు వాటినే చూసుకుంది.

తరవాత లేచి చెప్పులు వేసుకుంది.

"పద."

"ఎక్కడికి పెద్దమ్మా?"

"టైలరింటికి. అందరికంటే ముందు వాడు."

వీధిలో ఎండ ఎక్కింది. కిరాణా కొట్టావిడ అరుగు మీంచే కేకేసింది. "ఏం చలవమ్మా, మూతికి ఆ గుడ్డేమిటి? ఎవరిమీద అలిగావు?" నలుగురూ నవ్వారు. మరో రోజైతే చలవమ్మ ఆవిణ్ణి నాలుగు మాటలతో కడిగిపారేసేది. ఇవాళ తల దించుకుని దాటిపోయింది. డబ్బాలమ్మాయి పక్కనే నడిచింది. జబ్బ పట్టుకోబోతే చలవమ్మ విదిలించుకుంది.

టైలరింట్లో ముందుగదే కొట్టు. కుట్టుమిషను టకటకా నడుస్తోంది. చలవమ్మ గొంతు సవరించుకోకముందే టైలరు భార్య బిడ్డతో పక్క గుమ్మంలోకి వచ్చింది. చిన్నపిల్ల, ఇరవై దాటి ఉండదు. చలవమ్మను చూడగానే ఆ పిల్ల మొహం వెలిగిపోయింది.

"వచ్చావా అత్తా! ఇవాళ ఇంత ఆలస్యమైందేమిటి? నీళ్ళు కాగి చల్లారిపోతున్నాయి. పొద్దుటినుంచి ఒకటే చిరాకు పెడుతున్నాడు, నీ చెయ్యి పడితే కానీ ఊరుకోడు వీడు," అంటూ బిడ్డను రెండు చేతులా ముందుకి చాపింది.

చలవమ్మ చేతులు వాటంతటవే లేచాయి. ముప్పై ఏళ్ళ అలవాటు. సగం దూరం వెళ్ళిన చేతుల్ని బలవంతాన వెనక్కి తీసుకుని, వీపు వెనక ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంది.

"నాకివ్వకు తల్లీ."

"అదేం?"

"ఇంకెప్పుడూ ఇవ్వకు. ముందు నేను చెప్పేది విను. మధ్యలో ఆపావంటే మళ్ళీ చెప్పలేను." ఊపిరి తీసుకుంది. "నాకు క్షయ ఉంది. ఇవాళే తెలిసింది. తెలియకముందు రోజూ నీ బిడ్డ మొహం మీద వంగి నీళ్ళు పోశాను. ఈ అమ్మాయి వెంట బండి దగ్గరికి తీసుకెళ్ళు. మందుంది. సూదులనీ అదనీ నేను చెప్పినవన్నీ అబద్ధాలు. ఇప్పుడే తీసుకెళ్ళు."

లోపల కుట్టుమిషను ఆగిపోయింది.

టైలరు భార్య చాపిన చేతులు వెనక్కి లాక్కుంది. బిడ్డను రొమ్ముకి అదుముకుని, చలవమ్మ మొహంకేసి, మాస్కుకేసి, కనపడకుండా దాచుకున్న చేతులకేసి చూసింది. "రోజూ," అంది నమ్మలేనట్టు. "ఏడు వారాలు, రోజూ నీ ఒళ్ళో పెట్టాను." ఒక్కో అడుగూ వెనక్కి వేసింది. డబ్బాలమ్మాయి ముందుకి వచ్చి "అక్కా, ఒక్క నిమిషం" అనేలోపే తలుపు ధడాలున పడింది. లోపల గడియ వేసిన చప్పుడైంది.

ఈ ఊళ్ళో చలవమ్మ మొహం మీద తలుపు పడడం అదే మొదటిసారి.

లోపల మొగుడూ పెళ్ళాల గొంతులు పైకి లేచాయి. ఏదో గిన్నె కిందపడింది. ఆ గొడవలోంచి, బిడ్డ ఏడుపులోంచి, సన్నగా ఒక దగ్గు వినపడింది. చిన్నది, పొడిది. మళ్ళీ ఒకటి. మళ్ళీ.

డబ్బాలమ్మాయి మొహంలో రంగు మారింది. చలవమ్మ చెవి దగ్గరికి వంగి, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"పెద్దమ్మా, ఈ దగ్గు ఎన్నాళ్ళ నుంచి?"

"పది రోజుల నుంచి," అంది చలవమ్మ. "పాలు పొలమారుతున్నాయి, ఏం కాదు, ఎక్కడికీ తీసుకెళ్ళకండని నేనే చెప్పాను."

అని, రెండు అరచేతులతోనూ తలుపు బాదడం మొదలుపెట్టింది.